హిషినుమా ఇంటి గోల్ఫు

"నిజాయితీ పుస్తకాల్లో దొరకదయ్యా, గోల్ఫు మైదానంలో దొరుకుతుంది! తన దెబ్బలు తనే లెక్క చెప్పుకోవాల్సిన ఆట అది!" అని విభాగాధిపతి కునితోమో గారు ప్రతి సోమవారం సెలవిచ్చేవారు. ఆ వంటగిన్నెల కంపెనీలో ఈ మాటకు అందరూ తలలూపేవారు. నెజు అనే గుమాస్తా ఒక్కడే, "నాకు గోల్ఫు రాదు సార్" అనేసి పనిలో పడేవాడు. హిషినుమా అనే మరో గుమాస్తా మాత్రం ఒకసారి అందరికంటే గట్టిగా ఊపాడు. ఆ ఊపులో, తను ఏళ్ల తరబడి ఆడుతున్నానని కూడా అనేశాడు.

గోల్ఫు మైదానాన్ని అతను రైలు కిటికీలోంచి తప్ప చూసి ఎరగడు!

అలాగని సాధనకు లోటు చేయలేదు. స్టేషన్లో ఆఫీసువాళ్లు కనబడితే చాలు, గొడుగు తిరగేసి ఊపేవాడు. ఇంట్లో ఆరు చాపలు పట్టే చిన్న గదిలో సాక్సులు ఉండచుట్టి కొట్టేవాడు. ఆదివారాలు గోల్ఫువాళ్లలా ఎడమచేతికి మాత్రం తొడుగు వేసుకుని బాల్కనీలో ఎండకు కూర్చునేవాడు. ఆటగాడన్నాక కుడిచెయ్యి కమిలి, ఎడమచెయ్యి తెల్లగా ఉండాలి కదా! కునితోమో గారి చేతులు అచ్చం అలాగే ఉండేవి.

ఇంతలో సెక్షన్ చీఫ్ కుర్చీ ఖాళీ అయింది. డైరెక్టరు గారు కునితోమో గారినీ, హిషినుమానీ పిలిచారు.

"ఆదివారం మీరిద్దరూ వెళ్లి ఆడి రండి. కునితోమో, వీడు కుర్చీకి తగినవాడో కాదో చూసి చెప్పు."

"వాన పడకపోతే తప్పకుండా సార్!" అన్నారు కునితోమో గారు.

శనివారం హిషినుమా ఊపిన ఊపుకి గదిలో దీపం బద్దలైంది. కింది వాటావాళ్లు చీపురుకర్రతో కప్పు మీద పొడిచారు.

"ఏమండీ, ఆ దీపం మీకేం అన్యాయం చేసింది?" అంది భార్య సుమియే. "రాదని చెప్పేస్తే పోలా?"

"చెప్తే కుర్చీ పోతుందే! వానొస్తే బాగుణ్ణు."

వాన రాకూడదనుకుంటే పిల్లలు చూరుకు తెల్ల గుడ్డబొమ్మ కడతారు. వానే కావాలంటే దాన్ని తలకిందులుగా కట్టాలి. హిషినుమా చేతిరుమాళ్లతో రెండు బొమ్మలు చేసి, తలకిందులుగా వేలాడదీసి, భక్తిగా దణ్ణం పెట్టాడు.

తెల్లారింది. ఎండ పేలిపోతోంది! అతను అరువు కర్రల సంచీ మోసుకుంటూ కునితోమో గారింటికి వెళ్లాడు. గుమ్మం దగ్గర తలెత్తి చూసి నిలబడిపోయాడు. చూరు పొడుగునా గుడ్డబొమ్మలు! అన్నీ తలకిందులే!

నిండు గోల్ఫు వేషంలో కునితోమో గారు బయటికొచ్చారు. అతను ఎటు చూస్తున్నాడో చూశారు.

"మా పిల్లలు కట్టారు" అన్నారు.

ఆయనకు పిల్లలు లేరు.

"మా ఇంట్లో రెండే కట్టాం సార్" అన్నాడు హిషినుమా.

కునితోమో గారు గడప మీద కూలబడ్డారు. "ఇన్నేళ్లలో ఎన్ని దీపాలు పగలగొట్టానో నీకేం తెలుసయ్యా!"

హిషినుమాకు ఆయన్ని కావలించుకోవాలనిపించింది. ఇద్దరూ నూడుల్సు దుకాణానికి పోయి, మొహాలు బాగా కమలాలని ఎండ తగిలే బల్ల చూసుకుని సాయంత్రం దాకా కూర్చున్నారు.

సోమవారం డైరెక్టరు గారు అడిగారు, "ఎలా ఆడాడు?"

"గురి తప్పిన దెబ్బ కూడా తనే లెక్కలో వేసుకున్నాడు సార్! నిప్పులాంటి మనిషి!"

"మరి ఆ నెజు సంగతేమిటి? పనిమంతుడని విన్నాను."

"పనిమంతుడే సార్. కానీ గోల్ఫు రాదని వాడే ఒప్పుకున్నాడు" అని కునితోమో గారు నిట్టూర్చారు. "అలాంటివాడి నిజాయితీని ఏం చూసి నమ్మమంటారు?"

కొత్త సెక్షన్ చీఫ్ హిషినుమా అందరికంటే గట్టిగా తల ఊపాడు.