చిలకల తలుపు ఏమైనట్టు?

తలుపు తట్టబోయిన కాశీవిశ్వనాథంగారి చెయ్యి గాలిలో ఊగింది. వీధి తలుపు లేదు!

ద్వారబంధం ఉంది, గడప ఉంది. చిలకలు చెక్కిన జంట రెక్కలు మాత్రం మాయం. ఆ తలుపు చూపించడానికే ఆయన విజయనగరం పెద్దమనుషులు నలుగురిని వెంటబెట్టుకుని, గజపతినగరం స్టేషనులో దిగి, బండి కట్టించుకుని వచ్చారు.

ఆ ఇంటి ఘనత తెలియనివారి కోసం రెండు మాటలు. టేకు దూలాలతో, మద్ది వాసాలతో ఆయన తండ్రి కట్టించిన ఇల్లు అది. కట్టి నలభై ఏళ్లు నిండలేదు. చూడబోతే నాలుగు వందల ఏళ్లదానిలా ఉంటుంది. ఈ ఘనకార్యం చెదపురుగులది! పురాతన గృహ రక్షక సంఘం పెట్టి, దానికి తానే ప్రెసిడెంటై, ఆ పురుగులకు ఎవరూ అడ్డు రాకుండా కాపాడుతున్నది కాశీవిశ్వనాథంగారు. తాను కాపురముండేది సిమెంటు డాబాలో అనుకోండి. అయితేనేం? కాపలాదారు ఖజానాలో పడుకుంటాడా?

ఈ ఇంట్లో ఉండేది ఆయన తమ్ముడి భార్య అప్పలనరసమ్మ. తమ్ముడు పోయాడు. వంటింటి దూలం పుచ్చింది, కట్టెల మీదా పొయ్యి మీదా వాన కారుతోంది, ఆ దూలం నా నెత్తిన పడేలోగా మార్పించండని ఆవిడ కిందటి వర్షాకాలం నుంచీ మొత్తుకుంటోంది. ఎంత అమాయకత్వం! దూలం కుంగబట్టే కదా ఆ గదిలోకి వెళ్లేవాళ్లు వినయంగా తల వంచుతున్నారు? వాన ఇంట్లోకే వస్తుంటే నూతికి నడిచే శ్రమ తప్పలేదూ?

ఇల్లు ఆయన పేరనే ఉంది గనుక, ఒక్క మేకు కొట్టినా చరిత్ర చచ్చిపోతుందని ఆజ్ఞాపించారు. ఆపైన ఆదివారం ఆదివారం అభిమానులను తెచ్చి, వాళ్ల చేత స్తంభాలు నిమిరించి, ఆవపెట్టిన పనసపొట్టు కూరతో భోజనాలు పెట్టించి తీసుకుపోయేవారు. ప్రాచీనత మీద ప్రేమ అంత ఆకలి పుట్టిస్తుంది మరి!

సరే, దర్యాప్తు మొదలైంది. అసలే యుద్ధకాలం, కలపకు కరువు. అనుమానం ముందుగా పక్క పాకలోని అసిరయ్య మీదికి పోయింది.

"నా పాకకి గోడలే సరిగ్గా నేవు బాబూ. ఆ తలుపెత్తుకొచ్చి ఏటికి బిగించను?" అన్నాడు అసిరయ్య.

పెద్దమనుషుల్లో ఒకరు ఇది మిలటరీవాళ్ల పని అన్నారు. ఇంకొకరు దొంగల ముఠా అన్నారు. మూడో ఆయన, ముందు భోంచేసి ఆలోచిద్దామన్నారు.

కూర వాసన కమ్మగా వస్తోంది. దాని వెంటే కాశీవిశ్వనాథంగారు తల వంచి వంటింట్లో అడుగుపెట్టారు. పొయ్యిలో ఒక కొయ్య చిలక! తోక అప్పటికే బూడిదైంది. ముక్కు మాత్రం, చెక్కిన వడ్రంగి కూడా తేలేనంత ఎర్రగా మెరుస్తోంది.

అప్పలనరసమ్మ గరిటె కింద పెట్టలేదు.

"నానే బావగారూ. మీరు ఆదివారం ఆదివారం జనాన్ని తెస్తన్నారు. కట్టెలు సూస్తే తడిసి ముద్దయిపోనాయి. ఈ ఇంట్లో ఎండు కర్రేటున్నాదీ అంటే, మీరు ముట్టుకోవద్దన్నదే ఉన్నాది. అటక బల్లలు అయిపోనాయి, ఉయ్యాల బల్ల అయిపోనాది. మీరు ముందర స్తంభాలే సూస్తారు గానీ ఎనక్కి రారు కదా. ఆ దూలం మార్చుకోనిస్తే నా కట్టెలు ఎండుతాయి. నేదంటే, వచ్చే ఆదివారం ఎంతమందొస్తారో ముందే సెప్పండి. ఏ స్తంభం కొట్టించాలో సూసుకుంటాను."