చెవి నొప్పికి చిటికెన వేలు

మనిషి శరీరమంతా అరికాలిలోనే ఉందని తేలిన నాటినుంచి, ఆ ఆసుపత్రికి మిగతా శరీరంతో పెద్దగా పనిలేకుండా పోయింది. (మిగతా శరీరం మాత్రం వరండాలో బెంచీల మీద కూర్చుని ఎదురుచూస్తూనే ఉంది.)

రిఫ్లెక్సాలజీ, అంటే పాదాలు నొక్కి చేసేది, అనుబంధ చికిత్స. డాక్టరు వైద్యానికి తోడుగా నడిచేదే తప్ప దాని బదులు వచ్చేది కాదు. ఆ మాట గోడమీద పెద్దక్షరాలతో రాసి ఉంది. తోడుగా ఎప్పుడు నడవాలో రాయలేదు గనక, ముందే నడవాలని పైవాళ్లు తీర్మానించారు. పాదాలు నొక్కడం అయినట్టు ఫారం మీద ముద్ర పడితేగాని డాక్టరు గది తలుపు తెరవరు.

ఆవేళ వచ్చిన ఒక తల్లికి పద్నాలుగు నెలల కూతురు. పొద్దుటినుంచి చెవి పట్టుకుని ఒకటే ఏడుపు. చెవుల డాక్టరు పన్నెండింటికి వెళ్లిపోతాడు. అప్పటికే పదకొండు దాటింది. తల్లి చదువు మధ్యలో ఆగిపోయిన మనిషి కావడంతో, ఫారం కనబడితే చాలు, నింపకముందే తప్పు తనదేననుకుంటుంది.

పాదాల అధికారి పటం చూపించి ఓపిగ్గా వివరించాడు. బొటనవేలు తల. అరికాలి గుంట పొట్ట. మడమ నడుము. చిటికెన వేలి మొదట్లో చెవి. అక్కడ నొక్కితే ఒంటికి హాయి, మనసుకు నెమ్మది. రోగం తగ్గుతుందని మాత్రం అనలేదు. (అనకూడదు.) తరువాత పాప పాదం అందుకుని వేలు ఆనించాడు. చెవి, భుజం, ఊపిరితిత్తి, కాలేయం అన్నీ కలిసి ఆ ఒక్క వేలి కిందికే వచ్చేశాయి.

"ఒక్కో అవయవానికి ఒక్కో ఫారం ఉంటుందమ్మా. ఇలా గుంపుగా వస్తే దేంట్లో రాయను?"

"చెవి ఒక్కటే రాయండి సార్. చిన్నపిల్ల, పాదం ఇంతే ఉంటుంది."

"అయితే పెరిగాక తీసుకురండి."

వెంట వచ్చిన అత్తగారు ఊరుకోలేదు. "అప్పటిదాకా ఆ నొప్పిని నీ దగ్గర ఉంచుకుంటావా నాయనా?" అంది.

అధికారి మొహంలో ఏ మార్పూ లేకుండా నియమావళి తిరగేసి, పొట్టి పాదాల రోగుల తరఫున రక్తసంబంధీకుల పాదం చెల్లుతుందని, దానికి కలిగిన ఫలితమంతా రోగికే చెందుతుందని కనిపెట్టాడు. (నాయనమ్మ పాదాన్నీ పరిశీలించారు. పగుళ్ల వల్ల అవయవాల సరిహద్దులు తేలలేదు.)

తల్లి కుర్చీలో వాలి పాదం చాచింది. పాప నాయనమ్మ చంకలో ఏడుస్తూనే ఉంది. పద్నాలుగు నెలలుగా తల్లి గంటసేపు కుదురుగా కునుకు తీసింది లేదు. డాక్టరుకు ఏమేం చెప్పాలో లోలోపల వల్లెవేసుకుంటూనే, మూడో నొక్కుకు ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

ఉలిక్కిపడి లేచేసరికి పన్నెండుకు పది నిమిషాలుంది. ఫారం మీద ముద్ర పడింది. రోగి: పాప. ఫలితం: గాఢనిద్ర. డాక్టరు అవసరం కనబడలేదు. డాక్టరును చూసే చీటీ రద్దు.

"నిద్రపోయింది నేను సార్. పాప ఇంకా ఏడుస్తోంది, మీకు వినబడట్లేదా?"

అధికారి నిజాయితీపరుడు. వినబడుతోందని ఒప్పుకున్నాడు. రోగి నిద్రపోయినట్టు రికార్డులో ఉంది కాబట్టి, ఏడుస్తున్నది రోగి వెంట వచ్చినవాళ్లలో ఎవరో అయి ఉంటారని, వెంట వచ్చినవాళ్లకు ఇక్కడ వైద్యం లేదని విచారం వెలిబుచ్చాడు.

ఆమె పాపను లాక్కుని డాక్టరు గది వైపు పరుగెత్తింది. పన్నెండయింది. చెవుల డాక్టరు గదికి తాళం వేసి, రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, వాళ్ల పక్కనుంచే మెట్లు దిగిపోయాడు.