నెలవంక ముఠా

"ఇర్యా, ఈ దేశం మొత్తానికి నేరాన్ని వాసన పట్టే ముక్కు ఒక్కటే ఉంది. అది ఇప్పుడు నీ వంటింట్లో ఉంది," అన్నాడు తైస్తో.

ఆ ముక్కు కింద నోరు కూడా ఉంది. అది అప్పటికే నా యాలకుల బన్నులు మూడు తినేసింది.

తైస్తో మా పక్కింటివాడు. ముప్పై ఒక్క ఏళ్ళు మా ఊళ్ళో ఉత్తరాలు పంచి రిటైరయ్యాడు. కవరు చించకుండా లోపలి సంగతి చెప్పినవాడు, మొహం చూసి నేరం చెప్పలేడా అనుకుని మర్నాడే తనని తాను డిటెక్టివ్‌గా నియమించుకున్నాడు. అతనికి కారు లేదు, నాకుంది. నేను అసిస్టెంటునైన చరిత్ర అంతే.

"ఆదివారం చర్చిలో పాస్టర్ కుడి కనుబొమ మీద ప్లాస్టర్ చూశావా?"

"చూశాను. అలమార తలుపు తగిలిందట."

"సోమవారం ఓయివాకి సరిగ్గా అక్కడే దెబ్బ. ఆవు తన్నిందన్నాడు. నిన్న కలెర్వోకి. సౌనాలో, ఆవిరి స్నానం గదిలో, బల్ల తగిలిందట." గొంతు తగ్గించాడు. "కొట్లో కలెర్వో ప్లాస్టర్ ఊడి పడింది. గాయం నెలవంక ఆకారంలో ఉంది. ఓయివాదీ అంతే."

"ఆవు గిట్ట కూడా నెలవంకలాగే ఉంటుంది కదా."

"ఉండదు. కొలిచాను."

"గిట్టనా? అందుకేనా కుంటుతున్నావు?"

"సాక్షి విచారణకి సహకరించలేదు," అన్నాడు హుందాగా. "ముగ్గురు మగవాళ్ళు, మూడు అబద్ధాలు, ఒకే ముద్ర. ఇది రహస్య ముఠా, ఇర్యా. చేరినవాడి నుదుటి మీద నెలవంక పొడుస్తారు. నెత్తురు చిందే రోజు దగ్గరలోనే ఉంది."

నాకు అతను చెప్పే నెత్తురు మీద ధ్యాస లేదు. నా దిగులంతా హిల్కా గురించి.

హిల్కా నా చిన్ననాటి స్నేహితురాలు. మార్చిలో ఆమె భర్త ఉర్పో పోయాడు. ఇరవై ఆరేళ్ళుగా అక్టోబరు వచ్చిందంటే, ఊళ్ళో వాళ్ళంతా మూస్ దుప్పి వేటకి వెళ్ళినప్పుడు, ఉర్పో ఆరో నంబరు మాటులో రైఫిలుతో పొంచి కూర్చునేవాడు. పక్కన హిల్కా కాఫీ ఫ్లాస్కుతో కూర్చునేది. దుప్పి బెదురుతుందని ఇద్దరూ మాట్లాడకూడదు. "మా కాపురంలో పోట్లాట లేని రోజులు అవే," అంటూ ఉంటుంది. ఇప్పుడు ఆ మాటులో కూర్చోవాలంటే ఆమే కాల్చాలి. కాల్చాలంటే పరీక్ష నెగ్గాలి. డెబ్భై అయిదు మీటర్ల దూరం నుంచి నాలుగు గుళ్ళు, నాలుగూ అన్నం పళ్ళెమంత వలయంలో పడాలి. రెండుసార్లు తప్పింది. ఈ ఏటికి ఆఖరి పరీక్ష శనివారం. అదీ పోతే ఆరో మాటు కలెర్వో బావమరిదికి వెళుతుంది. వేట నాయకుడు కలెర్వోనే. "నియమం నియమమే హిల్కా," అన్నాడట నేల చూపులు చూస్తూ.

శుక్రవారం మధ్యాహ్నం ధైర్యం చెబుదామని బయల్దేరాను. కారు తలుపు తీసేసరికి ముందు సీట్లో తైస్తో ఉన్నాడు.

హిల్కా వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి, ఖాళీ రైఫిలు పెట్టుకుని, దాని మీది స్కోపుని, గురి చూసే దుర్భిణి గొట్టాన్ని, తుడుస్తోంది. తైస్తో సాయం చేస్తానంటూ ముందుకి వంగి అద్దం మీద హా అని ఊది, తన టై అంచు అందుకున్నాడు. హిల్కా అతని చేతి మీద ఒక్కటి వేసింది.

"ఆ టైతో ఏం తుడుస్తావు? నిన్నటి చేపల పులుసు దాని మీదే ఉంది. ముందు బ్రష్షుతో దుమ్ము దులపాలి. ఆ తరవాతే మెత్తని గుడ్డ. దుమ్ము మీద రుద్దితే అద్దం గీతలు పడుతుంది. ఉర్పో నన్ను కూడా దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు."

"కొత్త స్కోపు కొనరాదూ?" అన్నాను.

"పట్నంలో కొట్టువాడు నా ముంజేయంత గొట్టం చూపించాడు. అందులోంచి చూస్తే చంద్రుడి మీద గుంటలు లెక్కపెట్టచ్చట. నాకు చంద్రుడెందుకు? మన అడవిలో చెట్లు దాటి వంద అడుగులు కనబడితే గొప్ప. ఇదే చాలు, విశాలంగా కనబడుతుంది." బ్రష్షు కింద పెట్టింది. "లోపం దీనిది కాదులే. పాస్టర్, ఓయివా, కలెర్వో, తలో రోజు వచ్చి తలా ఒక గుండు కాల్చి చూశారు. ముగ్గురూ టోపీ కళ్ళ మీదికి లాక్కుని, పొయ్యి మీద సూపు ఉందంటూ పరిగెత్తారు. తుపాకీ బాగానే ఉంది, లోపం నీదే అన్నారు. ముగ్గురు చెబితే నిజమే అయ్యుంటుంది."

ఆ మాట అంటూ మొహం పక్కకి తిప్పుకుంది. నుదుటి మీద జుట్టు తప్పుకుంది. కుడి కనుబొమ మీద ఒకదాని పక్కన ఒకటి, రెండు నెలవంకలు.

తైస్తో బల్ల కింద నన్ను తన్నాడు. ఆవు తొక్కిన కాలితో తన్నాడు కాబట్టి తనే మూలిగాడు.

హిల్కా జామ్ తేవడానికి నేలమాళిగలోకి దిగింది.

"రెండు," అన్నాడు తైస్తో గుసగుసగా. "సభ్యులకి ఒకటి, ఈవిడకి రెండు. నాయకురాలు, ఇర్యా. ముగ్గురూ వచ్చింది దీక్ష తీసుకోడానికి. పేర్ల జాబితా ఎక్కడుందో చెప్పనా? ఈ గొట్టంలో."

"అది స్కోపు. ముట్టుకోకు."

"అందరూ స్కోపు అనుకోవాలనే కదా అక్కడ పెట్టింది."

నేను లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చేసరికి పక్కనున్న బుల్లి స్క్రూడ్రైవరుతో స్కోపుని పట్టి ఉంచే రింగులు రెండూ విప్పేశాడు. స్కోపుని రెండు వైపుల నుంచీ చూశాడు, చెవి దగ్గర పెట్టి ఆడించాడు, వాసన కూడా చూశాడు.

"ఖాళీ. ముందే తరలించారు."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తైస్తో స్కోపుని రింగుల్లో పడేసి, ముందుకి ఎంత పోతే అంత తోసి, ఎలాగో బిగించాడు. హిల్కా జామ్ సీసాతో వచ్చేసరికి కిటికీలోంచి మబ్బుల్ని మెచ్చుకుంటున్నాడు.

నేను చెప్పలేదు. రేపు పరీక్ష పెట్టుకున్న మనిషికి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

శనివారం పొద్దున్న షూటింగ్ రేంజిలో ఇక ఆగలేక చెప్పేశాను. "హిల్కా, నిన్న నువ్వు కిందికి వెళ్ళినప్పుడు తైస్తో స్కోపు ఊడదీసి మళ్ళీ పెట్టాడు."

హిల్కా తైస్తో వైపు చూసింది. అతను ఒక చెట్టు వెనక్కి వెళ్ళాడు. చెట్టు సన్నది.

"ఊడదీసి పెట్టిన స్కోపుతో గుండు ఎటు పోతుందో దేవుడికి తెలియాలి," అంది హిల్కా మెల్లగా. "ఇంకో పది నిమిషాల్లో నా వంతు. అయిపోయింది, ఇర్యా. ఇచ్చెయ్యమను ఆ మాటు."

కలెర్వో రైఫిలు అందుకుని చూశాడు. స్కోపు లోపలి గురి గీతలు నిట్టనిలువుగా ఉండాల్సింది తాగినవాడిలా ఒరిగి ఉన్నాయి. రింగులు కొంచెం వదులు చేసి, స్కోపుని తిప్పి గీతలు నిలబెట్టాడు. స్క్రూలన్నీ కొద్దికొద్దిగా, ఒకటి ఇటు ఒకటి అటు, సమంగా బిగించాడు. అప్పుడు స్కోపు ఎంత ముందుకి జరిగి ఉందో గమనించాడు. టోపీ అంచు కనుబొమ మీదికి లాక్కున్నాడు.

"వెనక్కి జరపాలా?" అంది హిల్కా.

"వద్దు," అన్నాడు, మరీ తొందరగా. "అలాగే ఉంచు. ముందు మూడు గుళ్ళు సరిచూసుకోడానికి కాల్చు."

హిల్కా చెంపని తుపాకీ చెక్కకి ఆనించింది. భుజాలు బిగుసుకున్నాయి, కళ్ళు ముందే మూతబడుతున్నాయి. దెబ్బ తినబోయే మనిషి అలా ఉంటుంది. తుపాకీ పేలింది.

ఆమె తలెత్తి వేళ్ళతో కనుబొమ తడుముకుంది.

"కొట్టలేదు," అంది.

"ఎవరు?" అన్నాను.

"ఈ స్కోపు. ప్రతిసారీ కొడుతుంది కదా. నాకు కాల్చడం రాకనే అనుకున్నాను."

పక్క బల్ల దగ్గర ఓయివా బూట్ల లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు. అతను వేసుకున్నవి రబ్బరు బూట్లు. పాస్టర్ ఆకాశంలోకి చూశాడు.

మిగతా రెండు గుళ్ళూ కళ్ళు తెరిచే కాల్చింది. మూడూ అరచేయంత మేరలో ఒక్కచోటే పడ్డాయి, కాకపోతే కిందికి, ఎడమకి. కలెర్వో స్కోపు మీద గురి సరిచేసే బిరడాలు రెండూ తిప్పాడు. టక్కుటక్కుమంటూ పైకి కొన్ని, కుడికి కొన్ని. ఇంకో గుండు కాల్పించి, సరిపోయిందన్నాడు.

తరవాత పరీక్ష. నాలుగు గుళ్ళు. నాలుగూ పళ్ళెంలో. ఒకటి అంచు మీద పడింది గానీ లోపలే.

హిల్కా రైఫిలు ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, కలెర్వో ముందుకి వచ్చి నిలబడింది.

"స్కోపు ఎందుకు కొట్టింది, ఎందుకు మానింది?"

"ఉర్పో నీకంటే తలంత పొట్టి. మెడ కూడా లేదు పాపం. పైగా ఆ మందపాటి కోటు మీదే కాల్చేవాడు. అందుకని స్కోపు బాగా వెనక్కి బిగించుకున్నాడు," అన్నాడు కలెర్వో బల్లతో చెబుతున్నట్టు. "మామూలు మనిషికి కంటికీ దానికీ బెత్తెడు దూరం ఉండాలి. తైస్తో ముందుకి తోసేదాకా నీకు రెండు వేళ్ళే ఉంది. తుపాకీ వెనక్కి తన్నగానే..."

"తన్నగానే? చెప్పు. నీకు తెలుసుగా."

కలెర్వో టోపీ తీశాడు. ప్లాస్టర్ కూడా తీశాడు. "స్కోపు గుండ్రటి అంచు వచ్చి కనుబొమని కోస్తుంది. ఇది కొత్తగా తుపాకీ పట్టిన పదిహేనేళ్ళ కుర్రాళ్ళకి తగిలే దెబ్బ. నలభై ఏళ్ళ వేటగాణ్ణి, ఎలా చెప్పను?"

"మా ఆవు మంచిదే," అన్నాడు ఓయివా నేల చూస్తూ.

"మా ఇంట్లో అలమారలకి తలుపులే లేవు," అన్నాడు పాస్టర్. "క్షమించు హిల్కా."

"మీ ముగ్గురి పరువు కోసం నేను మూడోసారి కూడా తప్పేదాన్ని. మా ఆయన మాటు పోగొట్టుకోబోయాను." ఆమె కలెర్వో జేబులోంచి పెన్ను తీసి అతని చేతిలో పెట్టింది. "మాటుల కాగితం తియ్యి. ఆరో మాటు దగ్గర నా పేరు రాయి. నా కళ్ళ ముందు రాయి."

కలెర్వో రాశాడు. ఆమె చదివి చూసి, పెన్ను అతని జేబులో పెట్టింది.

అప్పుడు చెట్టు వెనకనుంచి తైస్తో వచ్చాడు. ముగ్గురి నుదుళ్ళూ తలా ఒకసారి చూసి, తృప్తిగా తలాడించి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. భుజం మీదనుంచి తొంగి చూశాను.

"నెలవంక ముఠా కేసు ముగిసింది. సభ్యులు ముగ్గురూ బహిరంగంగా నేరం ఒప్పుకున్నారు. నాయకురాలు మాత్రం దొరకలేదు. ఆయుధంతో సహా అక్టోబరులో ఆరో నంబరు మాటులో ఉంటుంది. ఎవరూ దగ్గరికి వెళ్ళరాదు."