పరామర్శకు పనికొచ్చే మోకాలు

మోకాలు మార్పించుకోవడం ఎవరైనా చేయగలరు. మార్పించుకున్నట్టు నలుగురికీ కనబడడమే మర్యాదస్తుల లక్షణం!

టేకులపల్లిలో ఎరువుల కొట్టు నడిపేవాణ్ణి నేను. మంచి సరుకు చేతికొస్తే ముందు వరసలో పెట్టేదాకా నాకు నిద్ర పట్టదు. తొంభై ఎనిమిదిలో మా ఆవిడ భారతమ్మకు హైదరాబాదులో మోకాలు మార్పించాను. చుట్టుపక్కల అదే మొదటి కొత్త మోకాలు! ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గట్టిగా చెప్పాడు: "నొప్పి ముదరకముందే వేళకు మాత్ర వెయ్యాలి. రోజూ నడవాలి, మోకాలు వంచాలి. ఆరు వారాల్లో వంగకపోతే బిగుసుకుపోతుంది. ఇక ఆ నొప్పి జన్మంతా వదలదు."

భారతమ్మ తలూపింది. నేనూ ఊపాను. ఊపితే పోయేదేముంది!

ఇంటికొచ్చిన మూడోనాడు ఆమె వాకర్ పట్టుకుని వాకిట్లో నడుస్తోంది. పక్క కొట్టు వెంకటప్పయ్య బత్తాయిల సంచితో వచ్చి నిలబడిపోయాడు.

"ఏందక్కా, గిట్ల నడుస్తున్నవ్? పెద్దాపరేషనన్నరు! కాలు బెణికితే కట్టు కట్టించుకొచ్చిండ్రా ఏంది?"

ఇవ్వనా, మాననా అన్నట్టు సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. నా పరువు అక్కడికక్కడే తరిగిపోయింది.

ఆ సాయంత్రమే నిబంధనలు జారీ చేశాను. తెల్లవారింది మొదలు దీపాలు పెట్టేదాకా రోగి మంచం దిగరాదు. దుప్పటి మెడదాకా ఉండవలెను. మాత్ర రాత్రికే! రెండు బస్సులు మారి నొప్పి చూడ్డానికి వచ్చినవాళ్లకు నొప్పి చూపించకుండా పంపడం మర్యాదేనా?

రెండు వారాలు పరామర్శలు దివ్యంగా సాగాయి.

మూడో వారం సర్కారు దవాఖానా నర్సు జమ్లి వచ్చి మోకాలు వంచబోయింది. భారతమ్మ కెవ్వుమంది.

"సగం గూడ వంగుతలేదు! ఏం జేసిండ్రు షావుకారూ?"

"విశ్రాంతి ఇచ్చినం."

"ఏం విశ్రాంతి! ఇంక మూడు వారాలే ఉన్నయ్. గిట్లనే పండబెడితే అమ్మకు బతుకంత ఇదే నొప్పి. మీ చుట్టాలొచ్చి మోస్తరా?"

భారతమ్మ నావైపు చూసింది. సరిగ్గా అప్పుడే బయట జీపు ఆగింది. ముదిగొండ నుంచి మా దూరపు చుట్టం వెంకటనారాయణ, కుటుంబంతో సహా!

"ఒక్క గంట పండుకో, భారతీ!" బతిమాలాను.

"మంచం ఖాళీగ కనబడొద్దు, అంతేగా? మీరే పండుకోండి!"

మాత్ర మింగి, జమ్లి భుజం పట్టుకుని పెరట్లోకి నడిచింది. చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వచ్చేసింది. ఏం చేయను? దుప్పట్లో దూరాను.

"అయ్యో బావా, ఆపరేషన్ నీకా? అక్కకన్నరే!"

"నాకే," అని మూలిగాను.

మగవాడి మోకాలికి గిరాకీ ఎక్కువని అప్పుడే తెలిసింది. బత్తాయిలు పోయి ఆపిల్ పళ్లొచ్చాయి! మొగుడూ పెళ్లాలు చెరొకటి మార్పించుకున్నారని ఊళ్లో మా హోదా రెట్టింపైంది. అంత హోదాను నడిచి పాడుచేసుకుంటానా? మూడు వారాలు కదల్లేదు.

ఆరో వారానికి భారతమ్మ మోకాలు చక్కగా వంగింది. కొట్టుదాకా నడిచివెళ్లి, గల్లాపెట్టె దగ్గర కూర్చుని వచ్చింది కూడా. ఇక చాలనుకుని నేనూ మంచం దిగబోయాను. మోకాలు బిగుసుకుని రానంది! నొప్పి, అచ్చమైన నొప్పి! మూలిగాను. చూసిపోయే చుట్టాలంతా అప్పటికే చూసిపోయారు. ఇంకాస్త గట్టిగా మూలిగాను.

పెరట్లోంచి భారతమ్మ కేకేసింది:

"ఎవరూ రాలేదు, లేవండి! ఎవరికోసం ఆ మూలుగుడు?"