చోల్వేకు పాపం కావలెను

మా విశ్వవిద్యాలయ క్రైస్తవ విద్యార్థి సహవాసంలో ఒక ఉద్యోగం ఖాళీగా ఉందని రెవరెండ్ వెండెల్ దొరగారు ప్రకటించారు. ఈ ఏడు చదువు ముగించేవారిలో ఒకరిని క్యాంపస్ సువార్తికులుగా నియమిస్తారు. జీతం ఉంది, గది ఉంది. అర్హత ఒక్కటే: బలమైన సాక్ష్యం. ప్రభువు తమను ఎంత లోతు నుంచి పైకి లాగాడో సభలో నిలబడి చెప్పగలగాలి.

దొరగారు ఏటా విమానమెక్కి వచ్చి మాకు క్రీస్తును పరిచయం చేస్తారు. జాంబియా క్రైస్తవ దేశమని మేం రాజ్యాంగంలోనే రాసుకున్నాం. ఆ ముక్క ఆయనతో చెప్పి నొప్పించడం మర్యాద కాదు. అంతదూరం నుంచి వచ్చిన అతిథిని ఉత్త చేతులతో పంపకూడదు గనుక, "రక్షణ కావలసినవారు చేతులెత్తండి" అనగానే అందరం ఎత్తుతాం. నేను ఏటా తప్పకుండా రక్షణ పొందుతాను.

చివరి ఏడాది చదువుతున్న చోల్వేకు ఆ ఉద్యోగం ప్రాణావసరం. ముందు బ్యాచి పట్టభద్రులు బస్టాండులో గొడుగుల కింద ఫోన్ రీచార్జిలు అమ్ముతున్నారు. తమ్ముళ్ల చదువు ఆమె సంపాదన మీదే ఆగి ఉంది. అయితే ఆమెలో ఒక ఘోరమైన లోపం ఉంది. ఆమె ఏ పాపమూ చేయలేదు.

సహవాసం అధ్యక్షుడు గివెన్ జాలిపడి సాయానికొచ్చాడు. ఇతను మాజీ బందిపోటు. హాస్టల్లో బల్లిని చూసి మంచమెక్కుతాడు గాని, సాక్ష్యంలో మాత్రం రెండు బ్యాంకులు కొట్టాడు.

"ఎప్పుడైనా తాగావా చెల్లీ?"

"చిబ్వాంటు తాగానన్నా."

"మొక్కజొన్న గంజి తాగితే పాతకమా? మా అమ్మమ్మ రోజూ తాగుద్ది. పోనీ, దొంగతనం?"

"చిన్నప్పుడు పక్కింటి చెరకుగడ విరిచాను. వెంటనే వెళ్లి చెప్పేశాను."

"చెప్పేశావా! చేతికందిన ఒక్కటీ పాడుచేసుకున్నావు గదే! ఇక సాక్ష్యాల్లో దోపిడీ నాది, తాగుడు మన కోశాధికారిది. మిగిలింది సముద్రమే."

సముద్రం కింద సైతాను పట్నం ఉంటుందనీ, అక్కడ పదవి కావాలంటే సొంత బంధువును బలి ఇవ్వాలనీ మా దేశంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా దేశానికి సముద్రం లేదు. అది ఎవరికీ అడ్డు కాలేదు.

"మీవాళ్లలో ఎవరైనా పోయారా?" అన్నాడు గివెన్.

"దేవుడి దయవల్ల అందరూ బాగున్నారు."

"దయవల్లే వచ్చింది చిక్కంతా. దూరాన ఎవరున్నారు?"

"చోమాలో మేనమామ. మినీబస్సు నడుపుతాడు."

"బస్సా! ఇంకేం కావాలమ్మా నీకు!"

చోల్వే మూడు రోజులు ఏడ్చి, ఆదివారం వేదికెక్కింది. మేనమామ హచిపుకా బస్సును తానే లోయలోకి తోయించి, ఆయన రక్తంతో సముద్రం కింద పాతాళరాణినయ్యానని చెప్పింది. పాపభీతితో ఆమె గొంతు వణికింది. ఆ వణుకుకే ముందు వరుస మూర్ఛపోయింది. దొరగారు కళ్లద్దాలు తుడుచుకుని ఉద్యోగం ఆమెదేనన్నారు.

ఆ సాక్ష్యం ఫోన్లలో దేశమంతా తిరిగింది. మరుసటి ఆదివారం సభ మధ్యలో తలుపు తోసుకుని ఒక భారీ మనిషి వచ్చాడు.

"ఏమే చోల్వే! నన్ను చంపావంట? ముండాకొడుకులు ఒక్కడూ బస్సెక్కడం లేదే! సీట్లో కూర్చున్న ముసలమ్మ నా మొహం చూసి కిటికీలోంచి దూకింది. చంపితే చంపావు, లోయలో పడేయడమేంటే? ఇరవయ్యేళ్లలో బండికి గీత పడనీలేదు నేను!"

చోల్వే లేచి, మామ కాళ్ల దగ్గర మోకరించింది.

"నేను అబద్ధం చెప్పాను. పాతాళం లేదు, రాణీ లేదు. ఉద్యోగం కోసం చెప్పాను. నన్ను క్షమించు మావయ్యా. మీరందరూ క్షమించండి."

ఆమె నిజం చెబితే మిగతావాళ్ల గతి ఏమిటి? బందిపోటు అధ్యక్షుడు ఒక్క గెంతులో మైకు అందుకున్నాడు.

"సోదరులారా! చెల్లి వినయంతో అలా అంటోంది. చచ్చినవాడు మన కళ్లముందు నిలబడి తిడుతున్నాడు. యేసు సమాధిలోంచి లేపిన లాజరు కనీసం తిట్టలేదు! హల్లెలూయా!"

"నేను చావలేదురా!" అని అరిచాడు హచిపుకా.

"నిద్రపోయినవాడికి నిద్ర తెలుస్తుందా బాబాయ్?"

దొరగారు ఆయన్ను కౌగిలించుకుని ఏడ్చారు. తిరిగి లేచినవాడి సాక్ష్యం ముందు పాతాళం వెలవెలబోతుంది గనుక, నియమావళిని సవరించి ఉద్యోగాన్ని ఆయనకిచ్చారు. హచిపుకా కాసేపు తల గోక్కున్నాడు. బయట ఖాళీ బస్సు వంక చూశాడు.

"లోయ లోతుదే," అన్నాడు నెమ్మదిగా.

ఇప్పుడాయన మూడు క్యాంపస్‌లలో చనిపోతున్నాడు.

చోల్వే ఇంకో సహవాసంలో ఉద్యోగానికి వెళ్లింది. నేను తోడు వెళ్లాను. అబద్ధమాడాననీ, నలుగురి ముందు ఒప్పుకున్నాననీ, ఆ పూట దేవుడు పక్కనే ఉన్నట్టనిపించిందనీ చెప్పింది. మా దేశపు క్యాంపస్‌లలో నేను విన్న మొదటి నిజమైన సాక్ష్యం అదే. వెనక వరుసలో ఒకరు ఆవులించారు. అధ్యక్షురాలు మర్యాదగా చివరిదాకా ఆగి అడిగింది.

"అంతేనా, అక్కా?"

మీరూ అదే అడగబోతున్నారని నాకు తెలుసు.