ముందుగదిలో పడవ

అంగుళం మాస్టారు అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. మెడలో టేపు లేకుండా ఆయన్ని ఎవరూ చూడకపోవడంవల్ల వీధివాళ్ళు పెట్టింది. కుట్టుపనిలో ఆయన కొలత తప్పిందన్నవాళ్ళు లేరు. మిగతా పనుల్లో తప్పలేదన్నవాళ్ళూ లేరు.

అలాంటి మనిషి పాతసామాన్ల దుకాణం నుంచి ఒక గాలి పడవ మోసుకొచ్చి, గాలి కొట్టి, ముందుగదిలో పెట్టారు. ఆ ముందుగదే ఆయన కుట్టుదుకాణం. ట్రయలుకొచ్చినవాళ్ళు పడవలో నిలబడి చొక్కాలు వేసుకోవలసి వచ్చింది.

"ఏమండీ, ఇంట్లో ఇదుంటుందా, నేనుంటానా?" అంది భార్య.

"ఇద్దరూ ఉండండి. నాకేం అభ్యంతరం లేదు."

"అసలిదెందుకూ?"

"మీ అక్కావాళ్ళిల్లు వాగు పక్కనేగా. ఎండలో నడిచే బాధ తప్పుతుంది."

"మన పెరటి వాగులోనా? అందులో బాతులే నడిచి వెళ్తాయి."

మాస్టారికి రోషం వచ్చింది. "పందెం! ఆదివారం నువ్వు నడిచి రా, నేను పడవలో వస్తా. నేను ముందు చేరితే ఇది ముందుగదిలోనే ఉంటుంది."

"నేను చేరితే?"

"దాన్నేం చేసుకుంటావో నీ ఇష్టం" అన్నారాయన ఉదారంగా.

దారిలో ఉన్న చిక్కల్లా కాలిబాట కింది కల్వర్టు. మాస్టారు ముందే వెళ్ళి దాని వెడల్పు కొలిచారు. నీడపట్టున ఉన్న పడవనూ కొలిచారు. అటు వేలెడు, ఇటు వేలెడు ఖాళీ మిగిలింది.

ఆదివారం ఎండ బాగా కాసింది. మొదటి మలుపులో ముళ్ళకంప టోపీ లాక్కుంది. రెండో మలుపులో నీళ్ళు చీలమండ దాకా కూడా లేవు. ఓడలు బళ్ళవుతాయంటారు గానీ, ఓడ నెత్తికెక్కుతుందని ఎవరూ చెప్పలేదు. నెత్తిన పడవతో నడుస్తున్న మాస్టారిని బాతులు దాటుకుని వెళ్ళాయి.

కల్వర్టు దగ్గర మళ్ళీ నీళ్ళు లోతుగా, వడిగా ఉన్నాయి. మాస్టారు తెడ్డు లోపల పెట్టుకుని బోర్లా పడుకున్నారు. పడవ సగం దూరి, తల పట్టని చొక్కాలా ఆగిపోయింది. ఉతికితే గుడ్డ ముడుచుకుంటుందని ఆయనకు తెలుసు. ఎండకు గాలి ఉబ్బుతుందని తెలీదు. ఉబ్బిన అంచుల మధ్య ఆయన కూడా బిగుసుకుపోయారు. తల లోపల, కాళ్ళు బయట.

కాసేపటికి పైనుంచి గొంతు వినబడింది. "ఏమండీ, ఈ కాళ్ళు మీవేనా?"

"చూస్తే తెలీడం లేదూ?"

"అక్కడేం చేస్తున్నారు?"

"కల్వర్టు చూస్తున్నాను."

"తీరిగ్గా చూడండి. నేను వెళ్ళొస్తా."

"ఆగవే! వెనక బిరడా ఉంది, కాస్త లాగు."

"లాగితే పందెం ఎవరిది?"

"ఇంకా తేలలేదుగా. నువ్వూ ఇక్కడే ఉన్నావు."

"నిజమే. అయితే అక్కడికెళ్ళి తేల్చుకునే వస్తా."

చెప్పుల చప్పుడు దూరమైంది. పడవలోకి నీళ్ళు ఎక్కి గడ్డం తడిసింది. మాస్టారికి నిజంగానే భయం వేసింది.

"పందెం నీదే!"

"ఏమిటీ? వినబడలేదు."

"నీదేనే తల్లీ!"

ఆవిడ దిగి బిరడా లాగింది. గాలి బుస్సుమన్న చప్పుడుకి వాగులో ఉన్న బాతులన్నీ లేచిపోయాయి.

అక్కావాళ్ళ వరండాలో పడవను ఆరేశారు. గాలి లేని పడవ చుట్టేస్తే కత్తిరింపు బల్ల కింద ఇముడుతుంది, రెండు రోజుల్లో ఈవిడ మర్చిపోతుంది అని మాస్టారు లోలోపల లెక్క వేసుకుంటున్నారు. భార్య ఆ రబ్బరు గుడ్డను వేళ్ళతో నలిపి చూస్తోంది.

"ఇందులోంచి నీళ్ళు దిగవు కదండీ?"

"చుక్క దిగదు" అన్నారాయన గర్వంగా.

"వానకోట్లు కుడితే ఎంతమందికొస్తుంది?"

ఇంకో భర్తయితే ఒక్కరికీ రాదనేవాడు. గుడ్డ విషయంలో అబద్ధమాడటం మాస్టారికి చేతకాదు. టేపు వేసి, అటూ ఇటూ చూసి, "ముగ్గురికి" అన్నారు.

"అక్కకి, బావగారికి, నాకు."

"మరి నాకో?"

"మీరెలాగూ తడిశారుగా" అని, కొలత తీసుకోవడానికి వీలుగా ఆవిడ చేతులు చాచి నిలబడింది.