నక్షత్రాల మధ్య బోరాన్ లోటు

విశ్వంలోని ప్రతి అణువుకూ ఎవరో ఒకరు జవాబుదారీగా ఉండి తీరాలని నిల్వల తనిఖీ విభాగం తీర్మానించింది. (ఈ సంగతి విశ్వానికి ఇంకా తెలియజేయలేదు.)

మొదట దొరికిపోయింది మా పరిశోధనశాల మేడమ్. నక్షత్రాల మధ్య పరుచుకున్న వాయువులో బోరాన్ లాంటి తేలికపాటి మూలకాలు ఎంతెంత ఉన్నాయో కొలవడం ఆవిడ పని. వెనకున్న నక్షత్రం నుంచి వచ్చే అతినీలలోహిత కాంతిలో బోరాన్ తన వంతు మింగేస్తుంది. ఆ కాంతిని విడదీసి పరిచి చూస్తే ఆ చోట సన్నటి నల్లగీత పడుతుంది. గీతను చూసి బోరాన్ ఎంతో చెప్పేస్తారు. ఆ కాంతి నేలదాకా రాదు గనక పైన తిరిగే ఉపగ్రహంలోని పరికరమే దిక్కు. దాన్ని వచ్చే వారం శాశ్వతంగా ఆపేస్తున్నారు.

ఒక మేఘంలో బోరాన్ ఉండాల్సినదానికన్నా తక్కువ ఉందని మేడమ్ నివేదిక పంపారు. మర్నాడే తనిఖీ అధికారి ఊడిపడ్డాడు.

"తక్కువైందన్నారు. ఎవరు తీశారమ్మా?"

"ఎవరూ తీయలేదు సార్. దుమ్ముకి అంటుకుపోయి ఉంటుంది. వాయువులో మిగిలిందే మాకు కనిపిస్తుంది."

"ఉంటుందంటే కుదరదు. అంటుకుందా, లేదా?"

"అది తేల్చడానికే రెండో నక్షత్రం వైపు చూడాలి. ఆ దారిలో దుమ్ము తక్కువ. అక్కడ బోరాన్ నిండుగా ఉంటే, ఇక్కడ దుమ్మే పట్టుకుందని ఖాయం."

"పాత లోటు తేలకుండా కొత్త మేఘాన్ని ముట్టుకోనివ్వం."

మెకానిక్ బాబాయ్‌కి (ఎవరికి బాబాయో ఎవరికీ తెలియదు) ఓపిక నశించింది. "ఆ దుమ్ముని పిలిపించి వాంగ్మూలం తీసుకోండి సార్!"

అధికారి నవ్వలేదు. "చిరునామా చెప్పండి" అన్నాడు.

తర్వాత మేఘానికి తాళం ఉండేదా అని అడిగాడు. లోటు జరిగినప్పుడు డ్యూటీలో ఎవరున్నారని అడిగాడు. ఆ కాంతి బయలుదేరేనాటికి ఈ ఆఫీసే లేదని మేడమ్ మనవి చేసుకున్నారు. 'పాత సిబ్బంది నిర్లక్ష్యం' అని రాసుకున్నాడు.

చివరికి ఆయనకే జాలేసింది. "మీరు మంచివారు గనక చెబుతున్నానమ్మా. ఆ 'తక్కువ' కొట్టేసి 'సరిపోయింది' అని రాయండి. ఫైలు ఇప్పుడే మూసేస్తా. మీ రెండో నక్షత్రం మీరు చూసుకోండి."

మేడమ్ పెన్ను పట్టుకుని కూర్చుండిపోయారు. ఇన్నేళ్లలో ఆవిడ లేని గీత ఒక్కటీ చూపించలేదు, ఉన్నదాన్ని దాచలేదు.

"రాసేయండి మేడమ్" అన్నాడు బాబాయ్. "రెండోది చూశాక నిజం రాద్దురుగాని. పరికరమే పోతే ఏం రాస్తారు, నా మొహం?"

రాశారు.

సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. బోరాన్ సరిపోయినందుకు అభినందనలు తెలిపారు. సరిపోయినదాన్ని మళ్లీ కొలవనవసరం లేదు గనక రెండో నక్షత్రానికి ఇచ్చిన సమయాన్ని రద్దు చేశారు. ఆ సమయంలో పరికరం, అంతరిక్షంలోని లోటును ఒక్క మధ్యాహ్నంలో పూడ్చిన తనిఖీ అధికారి పేరు పెట్టడానికి తగిన నక్షత్రాన్ని వెతుకుతుంది.